ఆకాశం ఎక్కడ ఆగుతుంది, అంతరిక్షం ఎక్కడ మొదలవుతుంది?

జమ్మికుంట దగ్గరి ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సైన్సు చెప్పే ఉపాధ్యాయురాలు అడిగిన ప్రశ్న ఇది. హైదరాబాదుకు చెందిన స్కైరూట్ సంస్థ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన విక్రమ్-ఎస్ రాకెట్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది, అంతరిక్షాన్ని అందుకుందని అందరూ సంతోషించారు. కానీ అంతరిక్షం 100 కి.మీ. దగ్గర మొదలవుతుందని పిల్లలు చదువుకున్నారు. ఈ రెండూ ఎలా పొసుగుతాయని వాళ్లు తరగతిలో నిలదీశారట. దానికి తోడు మరో రెండు సందేహాలు కూడా ఆమె రాశారు. నూరు కిలోమీటర్ల దగ్గర గాలి అయిపోయేటట్టయితే, అంతకు నాలుగింతల ఎత్తులో తిరిగిన అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ ఎందుకు కూలిపోయింది? ఒక దేశానికి తన నేల మీది ఆకాశంపై హక్కు ఎంత ఎత్తు వరకు ఉంటుంది?

హనుమకొండలో చాలా ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించినవాడిని కాబట్టి, ఈ మూడింటికీ నాకు తెలిసినంతలో వివరంగా జవాబు రాస్తాను. సూటి జవాబు ముందే చెప్పేస్తే మిగతాది చదవడం సులువవుతుంది. 100 కి.మీ. అన్నది విమానయాన రికార్డులను నమోదు చేసే ఒక అంతర్జాతీయ సంస్థ ఒప్పుకున్న రౌండ్ ఫిగర్. ప్రకృతిలో సరిగ్గా ఆ ఎత్తు దగ్గర గీత ఏదీ లేదు. అంతర్జాతీయ చట్టంలోనూ ఆ గీత లేదు. భౌతికశాస్త్రం ఆధారంగా ఒక గీత గీసి తీరాలంటే దాన్ని 80 కి.మీ. దగ్గర గీయడమే ఎక్కువ న్యాయమని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే గాలి దగ్గర మొదలుపెట్టాలి.

గాలికి పైకప్పు లేదు. పైకి వెళ్లే కొద్దీ అది పలచబడుతుంది తప్ప ఒక చోట ఆగిపోదు. కింది భాగంలో సుమారు ప్రతి ఐదున్నర కిలోమీటర్లకు పీడనం సగానికి సగం తగ్గుతూ పోతుంది, అందువల్లే 8,849 మీటర్ల ఎవరెస్టు శిఖరం మీద అది సముద్రమట్టంలో ఉండే దానిలో మూడో వంతుకు చేరుతుంది. సుమారు 19 కి.మీ. దగ్గర పీడనం ఎంత పడిపోతుందంటే, మన శరీర ఉష్ణోగ్రత అయిన 37 డిగ్రీల దగ్గరే నీరు మరుగుతుంది. పీడన దుస్తులు లేని మనిషికి ఆ పైన బతుకు లేదు కాబట్టి, వైద్యుల దృష్టిలో అంతరిక్షం అక్కడే మొదలైందన్నా తప్పు పట్టలేం. 30 కి.మీ. దాటితే వాతావరణపు మొత్తం ద్రవ్యరాశిలో దాదాపు 99 శాతం మన కాళ్ల కింద ఉండిపోతుంది.

అంత ఎత్తుకు కూడా మన రాష్ట్రం నుంచి తరచుగా పరికరాలు వెళ్లి వస్తుంటాయి. హైదరాబాదులో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం ఉంది. అక్కడి నుంచి ఎగిరిన భారీ బెలూన్ల పరికరాలు పారాచూట్లతో పొలాల్లో దిగినప్పుడు ముట్టుకోవద్దని జిల్లాల వారీగా ప్రకటనలు రావడం చాలామంది చూసే ఉంటారు. 2005 ఏప్రిల్‌లో ఆ కేంద్రం ఎగరేసిన బెలూన్ 20 నుంచి 41 కి.మీ. ఎత్తుల మధ్య గాలి నమూనాలను సేకరించి తెచ్చింది. వాటిని పరిశీలిస్తే అంతకుముందు ఎవరికీ తెలియని మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు బయటపడ్డాయని ఇస్రో 2009లో ప్రకటించింది, అందులో ఒకదానికి ఆర్యభట పేరు, ఇంకొకదానికి ఇస్రో పేరు పెట్టారు. అంటే 40 కి.మీ. ఎత్తు ఇంకా భూమి ఇంటి ఆవరణలోనే ఉందన్నమాట. బెలూన్ తేలాలంటే చుట్టూ దానికంటే బరువైన గాలి ఉండాలి కాబట్టి, ఆ పైన కొంతదూరమే బెలూన్ల ప్రతాపం. ఇప్పటిదాకా అవి అందుకున్న గరిష్ఠ ఎత్తు 53 కి.మీ. పైచిలుకు.

మరి 100 కి.మీ. దగ్గర ఏముంటుంది? అక్కడ గాలి సాంద్రత నేల మీది దానిలో సుమారు 22 లక్షల్లో ఒక వంతు. ఇది వినగానే పిల్లలు శూన్యమే అనుకుంటారు. నిజానికి అక్కడ కూడా ఒక్కో ఘన సెంటీమీటరులో దాదాపు 12 లక్షల కోట్ల అణువులుంటాయి. తేడా ఏమిటంటే, నేల మీద ఒక అణువు మిల్లీమీటరులో పదివేల వంతు కూడా కదలకముందే ఇంకో అణువును ఢీకొంటుంది, అక్కడ మాత్రం సగటున జానెడు దూరం స్వేచ్ఛగా పోతుంది. సరిగ్గా ఈ ప్రాంతంలోనే ఇంకో మార్పు కూడా జరుగుతుంది. సుమారు 100 కి.మీ. వరకు గాలులూ సుడులూ వాతావరణాన్ని కలియబెడుతుంటాయి కాబట్టి నైట్రోజన్ 78 శాతం, ఆక్సిజన్ 21 శాతం అనే నిష్పత్తి దాదాపు చెక్కుచెదరదు. ఆ పైన ఆ కలయిక ఆగిపోయి, బరువైన వాయువులు కిందికి, తేలికైనవి పైకి విడిపోతాయి. 100 కి.మీ. గీతను సమర్థించేవారు చూపగల సహజ కారణం ఇదొక్కటే, అదీ ఒక రోజు 95 దగ్గర, ఒక రోజు 105 దగ్గర ఉండే మార్పు.

ఈ ప్రాంతాన్ని కొలవడం కూడా కష్టం. బెలూన్లు అంత పైకి పోలేవు, ఉపగ్రహాలు అంత కిందికి దిగి నిలవలేవు. పరిశోధన రాకెట్లు నిమిషాల వ్యవధిలో దూసుకుపోతూ కొలవాలి, లేదా నేల మీది రాడార్లతో చూడాలి. మన దేశపు మొదటి రాకెట్ ప్రయోగం 1963 నవంబరు 21న తుంబాలో జరిగినప్పుడు దానిలో పెట్టింది సోడియం ఆవిరి. ఆకాశంలో ఆ ఆవిరి మేఘం ఎటు జరిగితే అటు పైగాలి వీస్తున్నట్టు లెక్క. తిరుపతి దగ్గర గాదంకిలోని పెద్ద రాడారు పని కూడా ఇలాంటి పైగాలుల అధ్యయనమే. 2007లో ఉత్తర ధ్రువ ప్రాంతంలో ఎగిరిన ఒక రాకెట్‌లో కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయం వారి పరికరం ఉంది. భూమి గాలుల ప్రభావం తగ్గి, అంతరిక్షం నుంచి వచ్చే విద్యుదావేశ కణాల ప్రవాహానిది పైచేయి అయ్యే చోటు 118 కి.మీ. అని దాని కొలతల ఆధారంగా 2009లో తేల్చారు. కొలిచే వస్తువు మారితే గీత కూడా మారుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే కార్మాన్ రేఖ అని పిలిచే ఆ 100 కి.మీ. గీతకు వద్దాం. థియొడోర్ వాన్ కార్మాన్ (1881–1963) హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఏరోనాటిక్స్ శాస్త్రవేత్త. ఆయన వేసుకున్న ప్రశ్న గాలి ఎక్కడ అయిపోతుందని కాదు, విమానం ఎక్కడ విమానంగా పనిచేయడం మానేస్తుందని. విమానాన్ని పైన నిలబెట్టే బలం రెక్క మీద గాలి వల్ల పుడుతుంది. ఆ బలం గాలి సాంద్రతతో పాటు, వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. పైకి పోయిన కొద్దీ సాంద్రత తగ్గుతుంది కాబట్టి, అదే బరువును మోయాలంటే వేగం పెంచుకుంటూ పోవాలి. ఇలా పెంచగా పెంచగా ఒక ఎత్తు దగ్గర విమానానికి కావలసిన వేగం సెకనుకు 7.8 కి.మీ. దగ్గరికి చేరుతుంది. ఆ వేగమే భూమి చుట్టూ కక్ష్యలో తిరగడానికి చాలిన వేగం. ఆ వేగం ఉన్నవాడికి ఇక రెక్కతో పని లేదు, పడిపోతూనే భూమి వంపు వెంట తిరుగుతూ ఉంటాడు. రెక్క అవసరం తీరి కక్ష్య పని మొదలయ్యే ఆ ఎత్తే ఆయన చూపిన హద్దు.

ఈ లెక్క ఇంటర్ చదివిన విద్యార్థి కూడా వేయగలడు, వేయించమని నా సలహా. లిఫ్ట్ గుణకం, అంటే రెక్క గాలి నుంచి ఎంత బాగా బలం రాబట్టుకుంటుందో చెప్పే అంకె, ఒకటి అనుకుందాం. రెక్క ఒక్కో చదరపు మీటరు మీద 300 కిలోల బరువు పడే విమానమైతే హద్దు 70 కి.మీ. దగ్గర తేలుతుంది. చదరపు మీటరుకు 30 కిలోలే పడేంత తేలికైన విమానమైతే 84 కి.మీ. దగ్గర తేలుతుంది. ఎవరూ కట్టలేనంత తేలిగ్గా, మూడు కిలోలే అనుకుంటే 97 కి.మీ. వస్తుంది. ఈ అంకెలను కాసేపు జాగ్రత్తగా చూడండి. బరువును పదింతలు తగ్గించినా హద్దు 13, 14 కి.మీ. కంటే జరగలేదు. గాలి సాంద్రత ఎత్తుతో పాటు అంత వేగంగా పడిపోతుంది కాబట్టి, విమానం ఎలాంటిదైనా హద్దు ఒక ఇరుకైన పట్టీలోనే ఉంటుంది. కార్మాన్ ఆలోచనలోని గొప్పతనమంతా ఇక్కడుంది. వాతావరణానికి అంచు లేకపోయినా, ఎగరడం అనే పనికి మాత్రం దాదాపు ఒక అంచు ఉంది. పిల్లలు తప్పకుండా అడిగే ఇంకో ప్రశ్న: అంత వేగంతో అక్కడ విమానం నిజంగా ఎగురుతుందా? ఎగరదు, ఆ రాపిడి వేడికి తట్టుకోలేదు. ఇది హద్దును పట్టుకోవడానికి వేసిన లెక్క మాత్రమే.

లెక్కలో 70 నుంచి 85 దాకా వస్తుంటే 100 ఎక్కడి నుంచి వచ్చింది? కార్మాన్ నూరు అని లెక్కగట్టలేదు. ఆయన పేరుతో ఈ రేఖను ప్రచారంలోకి తెచ్చిన అమెరికా న్యాయవాది ఆండ్రూ హేలీ కూడా 1950ల చివర్లో 2,75,000 అడుగులు, అంటే దాదాపు 84 కి.మీ. అనే చెప్పాడు. తర్వాత స్విట్జర్లాండ్‌లోని లొసాన్ కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ ఏరోనాటిక్స్ సమాఖ్య, అంటే ఎఫ్ఏఐ, విమాన రికార్డులనూ అంతరిక్ష రికార్డులనూ వేరు చేయడానికి ఒక అంకె కావలసి వచ్చి, గుర్తుపెట్టుకోవడానికి వీలైన 100 కి.మీ.ను తీసుకుంది. అమెరికా వైమానిక దళం తనకు అలవాటైన మైళ్లలో 50 మైళ్లు, అంటే 80.5 కి.మీ. అని పెట్టుకుంది. నిజం చెప్పాలంటే రెండూ రౌండ్ ఫిగర్లే, కాకపోతే మైళ్లలో పెట్టుకున్నది భౌతికశాస్త్రానికి దగ్గరగా పడింది.

మన ప్రాంతం వాళ్లకు ఈ దూరాలు మనసుకు పట్టాలంటే వాటిని నిలువుగా కాక నేల మీద పరిచి చూడటం మేలు. వరంగల్ నుంచి హైదరాబాదు రోడ్డు పట్టుకుని బయలుదేరితే, ఆలేరు దాటి కొంచెం ముందుకు పోయేసరికి అమెరికా గీత వస్తుంది, దాదాపు భువనగిరి చేరేసరికి ఎఫ్ఏఐ గీత వస్తుంది. విక్రమ్-ఎస్ ఆగింది ఆ రెంటి నడుమ. ప్రపంచమంతా అరవై ఏళ్లుగా వాదించుకుంటున్నది ఆలేరుకూ భువనగిరికీ మధ్యనున్న ఆ కాస్త దారి గురించే.

ఆ కాస్త దారి కొందరి జీవితాల్లో పెద్ద తేడానే తెచ్చింది. 1960లలో అమెరికా ఎగరేసిన ఎక్స్-15 అనే రాకెట్ విమానంలో ఎనిమిదిమంది పైలట్లు 50 మైళ్లు దాటారు. వారిలో 100 కి.మీ. దాటింది జో వాకర్ ఒక్కడే, 1963లో రెండుసార్లు. వైమానిక దళం తన పైలట్లకు వ్యోమగామి బ్యాడ్జీలు ఇచ్చింది. అదే విమానాన్ని అంతే ఎత్తుకు నడిపిన వాకర్‌తో సహా ముగ్గురు నాసా పౌర పైలట్లకు మాత్రం ఆ బ్యాడ్జీ 2005లో గానీ దక్కలేదు, అప్పటికి వారిలో ఇద్దరు చనిపోయారు. మన గుంటూరు మూలాలున్న శిరీష బండ్ల 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ వాహనంలో సుమారు 86 కి.మీ. ఎత్తుకు వెళ్లినప్పుడూ ఇదే తగువు నడిచింది. తొమ్మిది రోజుల తర్వాత తన ప్రయాణికులను 107 కి.మీ. దాకా తీసుకుపోయిన పోటీ సంస్థ బ్లూ ఆరిజిన్, మా వాళ్ల పేర్ల పక్కన ఎవరూ సందేహంగా చుక్క గుర్తు పెట్టనక్కర్లేదని ముందే చెప్పుకుంది. ఇది శాస్త్రం కంటే వ్యాపారానికి సంబంధించిన గొడవ.

2018లో జొనాథన్ మెక్‌డోవెల్ అనే ఖగోళశాస్త్రవేత్త ఈ చర్చను మళ్లీ శాస్త్రం వైపు తిప్పాడు. ఆయన లెక్కల కంటే ఎక్కువగా ఉపగ్రహాల చరిత్రను చూశాడు. కోలగా ఉండే కక్ష్యలో తిరిగే ఉపగ్రహం ఒక్కో చుట్టులో ఒకసారి భూమికి బాగా దగ్గరగా వస్తుంది. అలా 80, 90 కి.మీ. మధ్యకు దిగి కూడా మళ్లీ పైకి లేచి ఇంకొన్ని చుట్లు తిరిగిన ఉపగ్రహాలు ఉన్నాయి, 80 కంటే కిందికి దిగినవి మాత్రం దాదాపుగా తిరిగి లేవలేదు. ఉపగ్రహం అన్నది బతికి బయటపడగలిగిన చోటును అంతరిక్షం కాదని ఎలా అంటామని ఆయన వాదం. గీతను 80 కి.మీ.కు దించాలని సూచించాడు. ఎఫ్ఏఐ అదే ఏడాది ఈ విషయాన్ని పరిశీలిస్తామని ప్రకటించింది, కానీ రికార్డుల పుస్తకంలో గీత 100 దగ్గరే ఉంది. నాకు మెక్‌డోవెల్ వాదం సరైనదనిపిస్తుంది, ఎందుకంటే కార్మాన్ లెక్క పైకి పోయే విమానం వైపు నుంచి చూస్తే, ఈయన లెక్క కిందికి దిగే ఉపగ్రహం వైపు నుంచి చూస్తుంది, రెండూ ఒకే చోట కలుసుకుంటున్నాయి.

కాబట్టి ఆ తరగతికి నా జవాబు ఇది. విక్రమ్-ఎస్ అంతరిక్షాన్ని అందుకుందనడం తప్పు కాదు, ఎఫ్ఏఐ గీతను దాటలేదనడమూ తప్పు కాదు. పరీక్షలో ఒక మార్కు ప్రశ్న వస్తే కార్మాన్ రేఖ 100 కి.మీ. అని రాయమనండి, ఆ గీత ఒక సంస్థ ఒప్పందమని పక్కన చేర్చగలిగితే ఇంకా మంచిది. దీనికంటే ముఖ్యమైన తేడా ఒకటి పిల్లలకు చెప్పాలి. అంతరిక్షాన్ని అందుకోవడం వేరు, అక్కడ నిలవడం వేరు. ఒక కిలో వస్తువును 100 కి.మీ. ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తి దాదాపు 10 లక్షల జౌళ్లు. అదే కిలోకు కక్ష్యా వేగం ఇవ్వాలంటే మూడు కోట్ల జౌళ్లు, అంటే ముప్ఫై రెట్లు కావాలి. విక్రమ్-ఎస్ కొద్ది నిమిషాల్లో బంగాళాఖాతంలో పడింది, అది అలా పడేలాగే ప్రయోగించారు. తెలంగాణ మూలాలున్న రాజా చారి అదే 2021లో, నవంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లి ఆరు నెలల దాకా ఉన్నారు, ఆ కేంద్రం దాదాపు 400 కి.మీ. పైన తిరుగుతుంది కాబట్టి ఆయన విషయంలో ఏ గీతతోనూ వాదం రాలేదు.

ఇక్కడే ఒక పొరపాటును కూడా సరిదిద్దాలి. గురుత్వాకర్షణ అయిపోయిన చోట అంతరిక్షం మొదలవుతుందని పెద్దవాళ్లు కూడా అంటుంటారు. 100 కి.మీ. దగ్గర గురుత్వాకర్షణ నేల మీది దానిలో 97 శాతం ఉంటుంది, అంతరిక్ష కేంద్రం దగ్గర కూడా 89 శాతం ఉంటుంది. అక్కడి మనుషులు తేలడానికి కారణం వాళ్లూ కేంద్రమూ కలిసి నిరంతరం పడిపోతూ ఉండటమే.

ఇక స్కైలాబ్. కరీంనగర్, వరంగల్ జిల్లాల పల్లెల్లో యాభై ఐదు దాటిన వాళ్లను ఎవరిని అడిగినా 1979 నాటి ఆ కంగారు గురించి చెబుతారు. ఆకాశం నుంచి ఇనుము మీద పడి అందరూ పోతామని, ఉన్న కోళ్లనూ మేకలనూ కోసుకుని తిన్నవాళ్లూ, అప్పు తీర్చడం ఇక అనవసరమనుకున్నవాళ్లూ ఉన్నారని మా వైపు ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకుంటారు. భయం అతిగా ఉన్నా ఆధారం లేనిది మాత్రం కాదు, ఎందుకంటే దాదాపు 77 టన్నుల వస్తువు ఎక్కడ పడుతుందో నాసాకే కచ్చితంగా తెలియదు.

1973 మే 14న ప్రయోగించిన స్కైలాబ్ 430 కి.మీ.కు పైన తిరిగేది. 1974 ఫిబ్రవరిలో చివరి బృందం దిగిపోయిన తర్వాత, కొన్నేళ్లకు స్పేస్ షటిల్ సిద్ధమవుతుంది, దానితో మళ్లీ పైకి నెట్టుకోవచ్చు అనుకున్నారు. షటిల్ ఆలస్యమైంది, సూర్యుడు మాత్రం ఆగలేదు. సూర్యుడి చురుకుదనం పదకొండేళ్లకొకసారి పెరిగి తగ్గుతుంటుంది. అది పెరిగినప్పుడు అతినీలలోహిత కిరణాలు వాతావరణపు పై పొరను వేడెక్కిస్తాయి, వేడెక్కిన పొర ఉబ్బి పైకి లేస్తుంది. అంటే ఉపగ్రహం ఉన్న ఎత్తు మారకపోయినా, దాని చుట్టూ గాలి చిక్కబడుతుంది. 400 కి.మీ. ఎత్తులో ఈ తేడా పదింతల దాకా ఉంటుంది. 1970ల చివర్లో సూర్యుడు అంచనాలకు మించి చురుగ్గా ఉండటంతో, సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా వేగంతో పోతున్న స్కైలాబ్‌ను ఆ పలచని గాలే రోజురోజుకూ కొంచెం కొంచెం కిందికి లాగింది. 1979 జులై 11న అది హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ ముక్కలై పడింది. అక్కడి ఎస్పెరాన్స్ పట్టణ పాలకులు రోడ్ల మీద చెత్త వేసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా రాశారు.

అందువల్ల ఆ రెండో సందేహంలో ఉన్న ఊహే సరికాదు. 100 కి.మీ. దగ్గర గాలి అయిపోదు, రెక్కకు పనికొచ్చే గాలి మాత్రమే అంతకంటే ముందే అయిపోతుంది. ఉపగ్రహానికి అడ్డం పడేంత గాలి ఆ తర్వాత కూడా వందల కిలోమీటర్లు ఉంటుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కూడా నెలకు సుమారు రెండు కి.మీ. కిందికి జారుతుంటుంది, అప్పుడప్పుడు ఇంజన్లు మండించి దాన్ని పైకి నెడుతుంటారు. 2022 ఫిబ్రవరి 3న ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాలు ఇంకా 210 కి.మీ. దగ్గర ఉండగానే సౌర తుఫాను వచ్చింది. ఉబ్బిన వాతావరణాన్ని తట్టుకోలేక వాటిలో దాదాపు 40 కూలిపోయాయి. ఈ గాలితో పోరాడుతూ కింద తిరిగిన ఉపగ్రహాలూ ఉన్నాయి. ఐరోపా వారి గోచె ఉపగ్రహం ఇంజను ఆపకుండా 255 కి.మీ. దగ్గర సంవత్సరాల పాటు తిరిగింది, జపాన్ వారి త్సుబామె 2019లో 167.4 కి.మీ. దాకా దిగి నిలిచింది. ఇంకా కిందికి పోతే ఇంజను బలం కూడా చాలదు. తిరుగు ప్రయాణానికి నాసా వాడే గీత మళ్లీ వేరు, 4 లక్షల అడుగులు, అంటే 122 కి.మీ. దగ్గర వాహనం వాతావరణంలోకి ప్రవేశించినట్టు లెక్కిస్తారు, ఎందుకంటే గాలి ఒత్తిడి, వేడి అక్కడి నుంచి తెలియడం మొదలవుతుంది.

పై కొసను వెతికేవాళ్లు ఇంకా దూరం పోతారు. భూమి చుట్టూ హైడ్రోజన్ పరమాణువుల పలచని మేఘం ఒకటి ఉంది. సూర్యుడిని పరిశీలించే సోహో వ్యోమనౌక పాత కొలతలను తిరిగి విశ్లేషించి, ఆ మేఘం 6,30,000 కి.మీ. దాకా వ్యాపించిందని 2019లో ప్రకటించారు. చంద్రుడు ఉన్నది 3,84,400 కి.మీ. దూరంలోనే కాబట్టి, ఈ కొలత ప్రకారం చంద్రుడి మీద నడిచిన వాళ్లెవరూ భూమి వాతావరణాన్ని దాటలేదు. 1972లో అపొలో 16 వ్యోమగాములు చంద్రుడి మీద నుంచి అతినీలలోహిత కెమెరాతో ఈ మేఘాన్ని ఫొటో తీశారు, అప్పుడు తాము దాని లోపలే ఉన్నామని వాళ్లకు తెలియదు. ఆ పరమాణువులు చంద్రుడి దగ్గర ఐదు ఘన సెంటీమీటర్లకు ఒకటి చొప్పున మాత్రమే ఉంటాయి, కాబట్టి దాన్ని గాలి అనడానికి నాకు నోరు రాదు. గాలి సంగతి వదిలి భూమి ఆకర్షణ సూర్యుడి ఆకర్షణకు లొంగిపోయే చోటును హద్దుగా తీసుకుంటే సుమారు 15 లక్షల కి.మీ. వస్తుంది. సూర్యుడిని పరిశీలించే మన వ్యోమనౌక ఆదిత్య-ఎల్1 2024 జనవరి 6న చేరింది సరిగ్గా ఆ పొలిమేరకే.

మూడో సందేహం చట్టానిది. 1944 నాటి షికాగో ఒప్పందం మొదటి అధికరణ ప్రకారం, ప్రతి దేశానికీ తన భూభాగం మీది గగనతలంపై సంపూర్ణ సార్వభౌమాధికారం ఉంది. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం, అంతరిక్షంలో ఏ భాగమూ ఏ దేశపు సొత్తూ కాదు, అందరూ స్వేచ్ఛగా తిరగవచ్చు. మొదటి ఒప్పందం గగనతలం ఎక్కడ ముగుస్తుందో చెప్పలేదు, రెండోది అంతరిక్షం ఎక్కడ మొదలవుతుందో చెప్పలేదు. రెండు ఊళ్ల శివార్లు రికార్డులో ఉండి, మధ్యన సరిహద్దు రాయి మాత్రం ఎవరూ నాటకుండా వదిలేసిన తీరు ఇది.

రాయి లేకున్నా దేశాలు ఎలా నడుచుకున్నాయో 1960వ సంవత్సరం చక్కగా చూపిస్తుంది. ఆ ఏడాది మే 1న సోవియట్ భూభాగం మీద సుమారు 21 కి.మీ. ఎత్తులో ఫొటోలు తీస్తూ వెళ్తున్న అమెరికా యు-2 విమానాన్ని సోవియట్ సైన్యం కూల్చేసి పైలట్‌ను బంధించింది, ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. ఆగస్టులో అదే అమెరికా ఒక గూఢచారి ఉపగ్రహంతో అదే దేశాన్ని ఫొటోలు తీసి, ఫిల్మును కిందికి దించుకుంది. చేసిన పని ఒకటే, తేడా ఎత్తులోనూ వేగంలోనూ మాత్రమే ఉంది, అయినా ఉపగ్రహాన్ని ఎవరూ గగనతల ఉల్లంఘన అనలేదు. అనడానికి సోవియట్లకు నోరు కూడా లేదు, ఎందుకంటే 1957 అక్టోబరు 4 నుంచి వాళ్ల స్పుత్నిక్ ఎవరి అనుమతీ అడగకుండానే అమెరికాతో సహా అన్ని దేశాల మీదుగా తిరిగింది. ఆ ఆచారమే చట్టంలా నిలిచిపోయింది. 2023 ఫిబ్రవరిలో 18, 20 కి.మీ. మధ్య తేలుతూ వచ్చిన చైనా బెలూన్‌ను అమెరికా కూల్చేసింది, చైనా ఉపగ్రహాలు రోజూ అమెరికా మీదుగా పోతున్నా ఒక్కదాన్నీ ముట్టుకోలేదు.

హక్కును పైకి జరపాలని చూసిన వాళ్లు లేకపోలేదు. 1976లో కొలంబియా, ఈక్వడార్, ఇండోనేషియా, కెన్యా మొదలైన భూమధ్యరేఖ మీది ఎనిమిది దేశాలు బొగోటాలో కూడి, తమ నెత్తిన 36,000 కి.మీ. ఎత్తులో ఉన్న భూస్థిర కక్ష్య, అంటే నేల మీంచి చూస్తే ఉపగ్రహం ఒకే చోట నిలిచినట్టు కనిపించే కక్ష్య, భాగాలు తమవేనని ప్రకటించాయి. మిగతా ప్రపంచం దాన్ని ఒప్పుకోలేదు. 1979లో సోవియట్ యూనియన్ ఐక్యరాజ్యసమితి అంతరిక్ష కమిటీ ముందు 100 నుంచి 110 కి.మీ. మధ్య గీత పెట్టుకుందామని ప్రతిపాదించింది. గీత అక్కర్లేదని, వాహనం చేసే పనిని బట్టి అది విమానమో అంతరిక్ష వాహనమో తేల్చుకోవచ్చని అమెరికా వాదిస్తూ వచ్చింది. ఆ కమిటీ న్యాయ ఉపసంఘంలో ఈ అంశం దశాబ్దాలుగా చర్చల్లోనే ఉంది. ఇంతలో ఆస్ట్రేలియా, డెన్మార్క్ లాంటి కొన్ని దేశాలు తమ సొంత చట్టాల్లో 100 కి.మీ. అని రాసుకున్నాయి, అది వాళ్లను మాత్రమే కట్టిపడేస్తుంది.

ఇన్నేళ్లుగా గీత లేకుండా ఎలా గడిచిందన్నదానికి కారణం మళ్లీ గాలిలోనే ఉంది. సుమారు 55 కి.మీ.కు పైన బెలూన్ తేలలేదు, విమానం అంతకంటే ముందే ఆగిపోతుంది, 150 కి.మీ.కు కింద ఉపగ్రహం రోజుల పాటు నిలవలేదు. నడుమనున్న ఆ పట్టీలో ఏ దేశపు వాహనమైనా నిమిషాల పాటు దాటిపోయేదే తప్ప అక్కడ ఉండిపోయేది లేదు, కాబట్టి తగువు పడాల్సిన అవసరం ఇంతవరకు ఎవరికీ రాలేదు. రెక్కలు కట్టుకుని 80, 90 కి.మీ. దాకా లేచి, పక్క దేశపు నేల మీదుగా జారుతూ దిగే ప్రయాణికుల వాహనాలు మామూలైపోయిన రోజున, అనుమతి ఏ ఎత్తు వరకు అడగాలన్న ప్రశ్నకు ఆ ఉపసంఘం ఒక అంకె చెప్పక తప్పదు.